గోస్తని ఓడ కోల్డ్‌రూమ్

"ఈ తలుపు దానంతటది మూసుకోలేదు," అంది కారుణ్య.

వినడానికి అక్కడ ఇద్దరే ఉన్నారు. రంగు డబ్బా పట్టుకుని గోడకి ఆనుకున్న పెయింటరుకి తెలుగు రాదు. తేజేశ్వర్‌కి తెలుగు వచ్చు గాని, ఆ మాట వినాలని లేదు.

"ఏం మేడం, మళ్ళ మొదటికొచ్చిన్రా? పోస్ట్‌మార్టం అయింది. దహనం అయింది. పోలీసులు ప్రమాదం అని రాసుకున్నరు. పన్నెండింటికి ఈ రూముకి రెండో కోటింగు. మీకున్న టైం అంతే."

కారుణ్య గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది.

అది 'గోస్తని' ఓడ అడుగు అంతస్తులోని కోల్డ్‌రూమ్. నడిసముద్రంలో యుద్ధనౌకలకి నూనె, మంచినీళ్ళు, బియ్యం, మాంసం, మందుగుండు అందించడమే పనిగా ముప్పై ఏళ్ళు నౌకాదళంలో తిరిగిన సరఫరా ఓడ. ఇప్పుడు దాన్ని గంగ పక్కన ఖిదిర్‌పూర్ డాక్‌లో కట్టేసి, జనం ఎక్కి చూసే మ్యూజియంగా మారుస్తున్నారు. ఆ ఓడ స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన సత్యాన్ని, దాని చరిత్ర చెప్పడానికి మ్యూజియం వాళ్ళే పిలిపించుకున్నారు. పోయిన శుక్రవారం సాయంత్రం ఆయన ఈ గదిలో చనిపోయాడు. మర్నాడు పొద్దున్న పెయింటర్లు తలుపు తీస్తే శవం కనిపించింది. అప్పుడే వేసిన రంగు, అందులో కలిపిన థిన్నరు ఆవిరి, గాలి చొరబడని గది. ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు.

సత్యం భార్య జగ్గమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా మొగుడు ఈ గదిలో సగం జీవితం గడిపినాడు. ఈ తలుపు సంగతి ఆయనకి తెల్దా?" అని అడిగింది. పోలీసులు జవాబు చెప్పలేదు. ఆమె కారుణ్య దగ్గరికి వచ్చింది. రైల్వే పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న కారుణ్యని నదికి అవతలున్న సంత్రాగాఛి తెలుగువాళ్ళలో ఎరగనివాళ్ళు లేరు. ఈ పొద్దున జగ్గమ్మ కూడా వెంట వచ్చింది. ఆయన పోయిన చోటు చూడాలంది, తీరా ఓడ ఎక్కాక మెట్లు దిగలేనంది. పైన డెక్ మీద కుర్చీలో కూర్చోబెట్టి కారుణ్య ఒక్కతే దిగింది.

తేజేశ్వర్ మ్యూజియం కంపెనీకి బీమా చేసినవాళ్ళ తరఫు పరిశోధకుడు. వరంగల్ మనిషి. చురుకైనవాడు. ప్రమాదం అని తేల్చి ఈ రోజుతో ఈ పని ముగించుకోవాలని వచ్చాడు.

"చూడండి మేడం, సింపుల్," అన్నాడతను. "తలుపు తెరిచుంది. ముసలాయన లోపలికి పోయిండు. గంగలో బాన్ వచ్చింది, అదే పెద్ద పోటు అల. ఓడ ఊగింది, తలుపు పడ్డది. శుక్రవారం సాయంత్రం పోటు ఎప్పుడొచ్చిందో కనుక్కున్న. సరిగ్గా సరిపోతది."

"పోటు ఎప్పుడొచ్చిందో కనుక్కున్నారు. ఓడ ఎక్కడుందో చూసుకోలేదు."

"అంటే?"

"ఇది గంగలో లేదండీ. డాక్‌లో ఉంది. నదికీ ఈ నీళ్ళకీ మధ్య నీటిని ఆపే లాక్‌గేటు ఉంది. బయట బాన్ ఎంత ఎత్తున లేచినా ఇక్కడ టీకప్పులో టీ కూడా తొణకదు. అవతలి ఒడ్డున షాలిమార్‌లో పుట్టాన్నేను. ఈ నది ఎక్కడిదాకా వస్తుందో నాకు మీరు చెప్పక్కర్లేదు."

తేజేశ్వర్ మొహం కొంచెం బిగుసుకుంది.

"పోనీ, ఊగిందే అనుకుందాం," అని ఆమె లేచి తలుపు వెనక గోడకి ఉన్న ఇనప కొక్కెం చూపించింది. బొటనవేలంత లావుంది. "ఓడ తలకిందులైనా ఈ కొక్కెంలో పడ్డ తలుపు కదలదు. చేత్తో పైకెత్తాలి. ఎత్తి, తలుపు తోసి, బయట ఈ పిడి తిప్పాలి."

"పెయింటర్లు పోయేటప్పుడు ఎత్తుంటరు."

కారుణ్య పెయింటరు వైపు తిరిగి బెంగాలీలో అడిగింది. అతను అడ్డంగా తల ఊపాడు. రంగు ఆరాలంటే తలుపు తెరిచే ఉంచాలి, మేమెందుకు వేస్తాం దీదీ, అన్నాడు.

ఆమె ఫోనులో పోలీసులు తీసిన ఫొటో తెరిచి తేజేశ్వర్ ముందు పెట్టింది. గడప బయట, గోడవారగా, ఒక జత తోలుచెప్పులు. పక్కపక్కనే, మడమలు కలిపి.

"నేల మీద రంగు పచ్చిగా ఉందని చెప్పులు బయట విడిచాడు. లోపల ఆయన పాదాల అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి, మీ బూట్లు తొక్కని చోట. తలుపు దగ్గర్నుంచి, సరుకులు పెట్టే ఆ కింది అర దాకా. తిరిగొచ్చిన అచ్చులు లేవు. తలుపు వేసినవాడు ఈ చెప్పుల పక్కనే నిలబడి వేశాడు. లోపల మనిషున్నాడని తెలిసే వేశాడు."

 తేజేశ్వర్ ఫొటో ఇంకోసారి చూసి నవ్వాడు.

"బాగుంది. హత్య అన్నట్టు. మరి లోపల బటన్ సంగతేంది?"

కోల్డ్‌రూముల్లో మనిషి పొరపాటున చిక్కుకుంటే బయటపడడానికి తలుపుకి లోపలి వైపు గుండ్రటి తోపుడు బటన్ ఉంటుంది. తలుపు లోపలి వైపంతా స్టీలు రేకు, దానికి రంగు లేదు. బటన్‌కి మాత్రం శుక్రవారం మధ్యాహ్నమే ఎర్రరంగు వేశారు. రంగు పొర నున్నగా, ఎక్కడా చెదరకుండా ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరి వేలూ దాన్ని తాకలేదు.

"తుప్పుపట్టి పనిచేయట్లేదేమో," అంది కారుణ్య. ఆమె కేసంతా ఇప్పుడు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. "ఎవరైనా నొక్కి చూశారా?"

"మీరే చూడండి."

ఆమె బటన్‌ని ఫొటో తీసి లోపలికి వెళ్ళింది. "మూయండి."

తేజేశ్వర్ కొక్కెం ఎత్తాడు. తలుపు మెత్తగా, బరువుగా వచ్చి అతుక్కుంది. బయట పిడి తిరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు. ఓడ మీద సుత్తుల మోత, డాక్ క్రేన్ల కూత అన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. చీకటి. నాలుగు రోజులైనా థిన్నరు వాసన కళ్ళలోకి వచ్చింది. కారుణ్య చెయ్యి చాచి బటన్ మీద పెట్టి తోసింది.

తలుపు తెరుచుకుంది. ఒక్క తోపుకే.

వెలుతురులో తేజేశ్వర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏం మేడం? బంధించినోడు ఎవడు? తాళం లేదు, గీళం లేదు. తలుపు ఎవరు మూసినా సరే, ఆయన తోసుకుని రావచ్చు. రాలేదు. ఎందుకు? గుండె ఆగింది, పడిపోయిండు. నా రిపోర్టుల ఒక్క అక్షరం మారది."

"పడిపోలేదు. అర మీద కూర్చున్నాడు. చొక్కా వీపుకి రంగుంది, చేతులకి లేదు. అలాగే గోడకి ఆనుకుని పోయాడు."

"కూర్చుని పోతే హత్యా?"

 ఆమె ఎర్ర బటన్ వైపు చూసింది. తలుపు ఎవరో వేశారని రుజువు చెయ్యగలదు. కాని తెరుచుకునే తలుపు వెనక ఒక మనిషి ఎందుకు కూర్చుండిపోయాడో చెప్పలేకపోతే, ఏ పోలీసుస్టేషనూ ఆ రుజువు తీసుకోదు.

తేజేశ్వర్ పెయింటరు భుజం తట్టాడు. "షురూ కరో దాదా."

తెల్లరంగు బ్రష్షు సత్యం పాదాల అచ్చుల మీదుగా వెళ్ళింది. కారుణ్య చూస్తూ నిలబడలేక మెట్లెక్కింది.

*

ఒకప్పుడు ఆఫీసర్లు భోజనం చేసిన హాల్లో మనోజ్ఞ వైర్లు చుడుతోంది. పాతికేళ్ళుంటాయి. న్యూ టౌన్‌లో ఒక చిన్న కంపెనీలో పని. మ్యూజియంకి వచ్చినవాళ్ళు చెవిలో పెట్టుకుని వినే ఓడ కథని ఆమే రికార్డు చేస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సత్యం అంకుల్ ఎంత బాగా చెప్పేవారో మేడం," అంది. "తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ ఆయనే. ఈ ఊళ్ళోనే, ఈ నదిలోకే ఓడని మొదటిసారి వదిలిన రోజు ఎంత వాన కురిసిందో, ఆయన అక్కడ లేకపోయినా చూసినట్టే చెప్పారు. తుఫాను తర్వాత పారాదీప్‌కి మంచినీళ్ళు మోసుకెళ్తే, ఒక ముసలామె బిందె వదిలేసి ముందు ఈ ఓడ గోడకి దణ్ణం పెట్టిందట. సునామీ అప్పుడు అండమాన్‌లో ఈ ఓడ వంటింట్లో పొయ్యి ఆరలేదట, పగలూ రాత్రీ. 'పోరాడీవోడి పేరు అందరికీ తెలుస్తాది గాని, అన్నం ఎట్టీవోడి పేరు ఎవుడికీ తెల్దమ్మా' అనేవారు."

"ఓడలో అగ్నిప్రమాదం గురించి?"

మనోజ్ఞ చేతిలో వైరు ఆగిపోయింది.

"అదొక్కటే చెప్పలేదు."

తొంభై మూడో సంవత్సరం. నడిసముద్రంలో ఒక యుద్ధనౌకకి నూనె ఎక్కిస్తుండగా 'గోస్తని' పంపురూములో నిప్పు పుట్టింది. రాజ్ కుమార్ అనే ఇరవై రెండేళ్ళ నావికుడు, అందర్నీ బయటికి పంపేసి, తాను లోపలే ఉండిపోయి, వాల్వు కట్టేసి, తలుపు మూసేయమని కేక వేశాడని, రెండు ఓడల్నీ కాపాడి పోయాడని చరిత్ర. అతనికి మరణానంతరం పతకం వచ్చింది. పంపురూము తలుపు మీద ఇత్తడి ఫలకం ఉంది. మ్యూజియంలో అందరూ ఆగి చూడబోయేది అదే.

"నేవీ వాళ్ళిచ్చిన మాటలే చదవమన్నాను," అంది మనోజ్ఞ. "మైకు ఆన్ చేసిన ప్రతిసారీ, అక్కడికి రాగానే ఆపమనేవారు. నీళ్ళు తాగేవారు. మళ్ళీ మొదలుపెట్టి సునామీలోకి దూకేసేవారు. శుక్రవారం నాకు కోపం వచ్చి, 'అంకుల్, ఓపెనింగ్ దగ్గరికొచ్చేసింది, ఇదొక్కటే మిగిలింది' అన్నాను. గట్టిగా అన్నాను మేడం." ఆమె వైరు చుట్ట పక్కన పెట్టింది. "అప్పుడన్నారు, 'సోమవారం చెప్తానమ్మా. జరిగింది జరిగినట్టే చెప్తాను. అంతకు ముందు ఒక మనిషికి చెప్పాల. ఆయనికి చెప్పకండా నీ మైకుకి చెప్తే దేవుడొప్పుకోడు' అని."

"ఎవరికి?"

"పేరు చెప్పలేదు. నేను క్యాబ్ వచ్చిందని వెళ్ళిపోయాను."

"నువ్వెళ్ళేసరికి ఓడ మీద ఇంకెవరున్నారు?"

"పెయింటర్లు లేరు. అంకుల్, కేర్‌టేకర్ గారు. అంతే. కేర్‌టేకర్ గారు కూడా బయల్దేరుతున్నానన్నారు. చర్చిలో ఉపవాస ప్రార్థన ఉందట."

కారుణ్యకి కేర్‌టేకర్ యేసురత్నం తెలుసు. సంత్రాగాఛి తెలుగు చర్చిలో పెద్ద. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక ఈ ఓడకి కాపలా ఉద్యోగం కోరి తెచ్చుకున్నాడు. ఎందుకు కోరుకున్నాడో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

"యేసురత్నం గారికి ఈ ఓడతో ఏంటి సంబంధం?" అని అడిగింది.

మనోజ్ఞ ఆశ్చర్యంగా చూసింది. "మీకు తెలీదా? రాజ్ కుమార్ గారు ఆయన తమ్ముడు."

*

యేసురత్నం పంపురూము తలుపు దగ్గరే ఉన్నాడు. మోకాలి ఎత్తు స్టూలు మీద కూర్చుని, తమ్ముడి పేరున్న ఇత్తడి ఫలకాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు.

"రామ్మా కారుణ్యా," అన్నాడు. "పాపం, జగ్గమ్మ చెల్లెమ్మ పైన కూకుంది. టీ ఇచ్చినాను, తాగనేదు."

"మీరూ సత్యం గారూ పక్కపక్క ఇళ్ళే కదా?"

"ముప్పై ఏళ్ళ పైమాట. నేవీలో ఉన్నప్పుడే పెళ్ళాన్ని తెచ్చి మా పక్కింట్లో ఎట్టినాడు. వాళ్ళ ఊరు కళింగపట్నం, ఇక్కడ ఎవరూ నేరు. ఎందుకొచ్చావయ్యా అంటే, 'నీ తమ్ముడు నా దోస్తు, మీరే నాకు చుట్టాలు' అన్నాడు. మా అమ్మ మంచాన పడితే ఆస్పత్రికి మోసినాడు. కన్నకొడుకు కూడా అలా చెయ్యడు."

"శుక్రవారం మీరెప్పుడు వెళ్ళారు?"

"ఆ పాప క్యాబ్ ఎక్కగానే. ప్రార్థన ఉంది కదా."

"సత్యం గారు ఓడలోనే ఉన్నారని తెలిసీ వెళ్ళిపోయారా?"

"ఆయనికి ఓడ కొత్తేటి? గేటు కాడ సెక్యూరిటీకి చెప్పి ఒచ్చీస్తాడు అనుకున్నాను. నేను ఉండుంటే..." గుడ్డ మడత పెట్టాడు. "అంతా దేవుడి చిత్తం. ఒక్క దెబ్బ కొట్టినా ఎవరో ఒకరు ఇనీవోరు. కొట్టనేదు. ఏటి చేస్తాం."

కారుణ్య గోడకి ఆనుకున్నదల్లా నిటారుగా నిలబడింది.

"ఏమన్నారు?"

"ఏటమ్మా?"

"తలుపు కొట్టలేదన్నారు. మీకెలా తెలుసు?"

యేసురత్నం కళ్ళెత్తాడు.

"తలుపుకి లోపల స్టీలు రేకు, రంగు లేదు. కొట్టినా మచ్చ పడదు. ఆయన కొట్టాడో లేదో పోలీసులకి తెలీదు, తేజేశ్వర్‌కి తెలీదు, నాకూ తెలీదు. కొట్టలేదని తెలియాలంటే ఆ తలుపు బయట నిలబడి వినుండాలి యేసురత్నం గారూ."

ఆయన తప్పించుకోవడానికి ప్రయత్నించలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నవాడిలా మెల్లిగా ఊపిరి వదిలాడు.

"కూకోమ్మా," అన్నాడు. చోటు లేదు. ఆమె నిలబడే ఉంది.

"నాతో మాటాడాల అన్నాడు. తన కోల్డ్‌రూముకి తీస్కెళ్ళినాడు. నేల పచ్చిగా ఉందని నేను గుమ్మం కాడే ఆగినాను. తను చెప్పులిప్పి లోపలికెళ్ళి కూకున్నాడు. కూకుని చెప్పినాడు." గొంతు సవరించుకున్నాడు. "పంపురూములో అగ్గి పుట్టినప్పుడు ఈ తలుపు కాడ ఉన్నది సత్యమేనంట. తలుపు ఎయ్యాలంటే ముందు లోపలికి కేకెయ్యాల, ఎవరన్నా ఉన్నారా అని. పొగ ఒచ్చింది, భయమేసింది. కేకెయ్యనేదంట. తలుపేసి, క్లిప్పులు బిగించి, 'అందరూ ఒచ్చీసినారు' అని పైకి అరిచినాడంట. పైవోళ్ళు గ్యాసు ఒదిలీసినారు."

అగ్ని ఆర్పే గ్యాసు. మూసిన గదిలో నిప్పుకీ మనిషికీ గాలి లేకుండా చేస్తుంది. 

"అప్పుడు కొట్టినాడంట మా రాజు. లోపల్నుంచి. ఈ తలుపే." యేసురత్నం చెయ్యి ఫలకం మీద ఉంది. "తీస్తే అగ్గి బయటికొస్తాది, రెండు ఓడలూ పోతాయి. సత్యం క్లిప్పు పట్టుకుని నిలబడిపోనాడంట, చప్పుడు ఆగీదాకా. మా రాజు వాల్వు కట్టనేదు, ఎవర్నీ పంపనేదు, తలుపెయ్యమని అననేదు. ఆ కథంతా తరవాత ఎవరో రాసినారు. మేం దాన్ని చర్చిలో ప్రతి ఏడూ చదివించుకున్నాం. మా అమ్మ అది తల్చుకునే చచ్చిపోయింది."

"తలుపు వెయ్యమని ఆయనకి ఆర్డరు రాలేదా?"

"అదే అడిగినాను! ఎవరన్నా ఎయ్యమన్నారా సత్యం అని అడిగినాను. నేదు అన్నాడు. నాకు నేనే ఏసినాను అన్నాడు. అబద్ధం చెప్పొచ్చు కదమ్మా? ఆర్డరిచ్చినారు అంటే ఏం పోయింది? చెప్పనేదు." ఆయన గుడ్డని పిడికిట్లో నలిపాడు. "నాకు కళ్ళు కనబడనేదు. కొక్కెం ఎత్తినాను. 'కొట్టు. మా రాజు కొట్టినట్టు కొట్టు. అప్పుడు తీస్తాను' అన్నాను. తలుపేసినాను."

ఓడ పైభాగంలో ఎవరో ఇనప గొలుసు లాగుతున్న చప్పుడు వచ్చి ఆగింది.

"చంపుదామని కాదు. ఆ బటన్ సంగతి ఆయనికి తెల్దా? నాకన్నా ఆయనికే తెలుసు. తోసుకుని ఒస్తాడు, నేదా కొడతాడు అనుకున్నాను. చెవి ఆనించి నిలబడినాను. కొట్టనేదు. నాకు మరీ కోపం ఒచ్చింది. మొండి చేస్తన్నాడు అనుకున్నాను. ఇంకా నిలబడినాను. రంగు వాసన సంగతి నాకు తట్టనేదమ్మా. తీసీసరికి..." ఆయన ఆగాడు. "గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని. మళ్ళీ తలుపేసి ప్రార్థనకి పోనాను. ఆ రాత్రి జగ్గమ్మ నా తలుపు తట్టి, ఆయన రానేదు అన్నియ్యా అంటే, ఒచ్చీస్తాడులే అన్నాను."

కారుణ్య ఫోను తీసింది. పోర్టు పోలీసు ఇన్‌స్పెక్టరుకి బెంగాలీలో నాలుగు ముక్కలు చెప్పింది. వస్తున్నానన్నాడు. గొంతులో విసుగు వినిపించింది.

"దండగ మేడం."

తేజేశ్వర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అతని మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"నేను గెలిచిన అని చెప్తలేను," అన్నాడు మెల్లగా. "కాని ఆలోచించండి. తలుపు వేసిండు, ఒప్పుకున్నడు. తెరుచుకునే తలుపు. లోపలున్నోడు తెరవలేదు. రేప్పొద్దున ఈయన వకీలు ఈ ఒక్క మాట అడుగుతడు. దానికి మీరు జవాబు చెప్పాలంటే తొంభై మూడు సంగతి మొత్తం తీయాలె. తీస్తే ఏమైతది? ఆ పిల్లగాడి పతకం అబద్ధం అయితది. పైన కూర్చున్న అమ్మ మొగుడు, ఒక పిల్లగాణ్ణి చంపినోడు అయితడు. ఎవరికోసం చేస్తున్నరు ఇది?"

"నాకు కేసు అప్పగించింది ఆవిడ. నిజం ఆవిడకి చెప్తాను. పోలీసులకీ చెప్తాను. వాళ్ళేం చేస్తారో వాళ్ళిష్టం."

"ఆమె తట్టుకుంటదా?"

కారుణ్య చెప్పబోయింది. తేజేశ్వర్ వెనక, మెట్ల మలుపులో, తెల్లచీర అంచు కనిపించింది.

జగ్గమ్మ కమ్మీ పట్టుకుని కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. లేవబోతే తేజేశ్వర్ చెయ్యి అందించాడు. ఆమె అతని చెయ్యి పట్టుకోకుండా గోడ పట్టుకుని నడిచి వచ్చి, పంపురూము తలుపు ముందు నిలబడింది. ఫలకాన్ని చూసింది. ఆమెకి చదువు రాదు.

"ఇదేనా ఆ తలుపు?" అంది.

కారుణ్య తల ఊపింది.

యేసురత్నం స్టూలు మీంచి జారి నేల మీద మోకాళ్ళూనాడు. "చెల్లెమ్మా, నన్ను తిట్టు. కొట్టు. పోలీసులొస్తన్నారు, ఎల్లిపోతాను. ఒక్కటి చెప్పు. ఎందుకు కొట్టనేదు? ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ కొట్టుంటే తీసీవోణ్ణి. దేవుడి తోడు తీసీవోణ్ణి. అంత పంతం ఏటి ఆయనికి?"

జగ్గమ్మ చాలాసేపు ఆయన్ని చూసింది. తిడుతుందనుకున్నారు. గొంతు మాత్రం అలిసిపోయినట్టుగా వచ్చింది.

"పంతం కాదన్నియ్యా. ఆయన తలుపు కొట్టడు."

"ఏటి?"

"పెళ్ళైన కాణ్ణుంచీ కొట్టనేదు. ఆ అగ్గి పుట్టిన మరుసటేడు మా పెళ్ళి. వానలో తడిసి ఒచ్చినా సరే, గుమ్మం కాడ నిలబడి నా పేరు పిలిచీవోడు గాని తలుపు మీద చెయ్యి ఎయ్యీవోడు కాదు. నాకు మెలకువ రాపోతే అరుగు మీదే తొంగునీవోడు. ఎవరైనా మా తలుపు కొడితే చెవులు మూసుకుని పెరట్లోకి ఎల్లిపోయీవోడు. పిచ్చోడు అనుకునీదాన్ని. ఎన్నోసార్లు అడిగినాను, చెప్పనేదు." ఆమె ఇనప తలుపుని అరచేత్తో తాకి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. "నువ్వు తెల్లార్లూ నిలబడినా ఆయన కొట్టడు, ఆ బటనూ తొయ్యడు. నువ్వు బయట చెవి ఆనించి ఇన్నావు. నీకేం ఇనబడనేదు. లోపల ఆయనికి మీ తమ్ముడు కొట్టిన చప్పుడు ఇనబడతానే ఉంటాది."

యేసురత్నం ముందుకి ఒంగి, తల నేలకి ఆనించి అలాగే ఉండిపోయాడు.

పైన ఇనపమెట్ల మీద పోలీసుల బూట్ల చప్పుడు మొదలైంది. జగ్గమ్మ కారుణ్య చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి తీస్కెళ్ళమ్మా," అంది. "ఈళ్ళు నన్నేటి అడిగినా చెప్పడానికి నాకు నోరు నేదు. ఎవరి మీద కేసు ఎట్టమంటావు నన్ను?"